మాటలున్న శవం

మా నాన్న చావడం, నేను ఏడవడం. మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ రెండింటి మీదే. నాన్న సినిమాల్లో శవం వేషాలు వేసేవాడు. నేను డబ్బింగ్ థియేటర్లో ఏడుపులు చెప్పేదాన్ని. తెర మీద కన్నీళ్ళు కార్చేది హీరోయిన్లు, వెక్కిళ్ళు మాత్రం నావి. "మీ ఇంట్లో ఒకరు పోతే ఒకరు ఏడుస్తారు, బయటివాళ్ళతో పనేముంది" అని మా సౌండ్ ఇంజనీరు కనిపించినప్పుడల్లా అనేవాడు. అమ్మ ఆ మాట విని, "మధ్యలో బతికున్న మనిషిని నేనొక్కదాన్నే, నాకే తీరిక లేదు" అనేది.

శవం వేషం అంటే అందరికీ లోకువే. పడుకుంటే డబ్బులిస్తారట అని నవ్వేవాళ్ళు. నెత్తి మీద అంత పెద్ద లైట్లు మండుతుంటే మూసిన రెప్పల కింద కంటిపాప కదలకుండా ఉంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాన్న రెప్పల లోపలి నుంచి తన కాళ్ళవైపు చూస్తూ ఉండేవాడు, అప్పుడు కదలదట. ఏడ్చేవాళ్ళు వచ్చి గుండెల మీద పడినప్పుడు ఊపిరి వదలకూడదు, అప్పటికే వదిలేసి ఉండాలి. యూనిట్‌లో ఆయన్ని "బాడీ గారు" అనేవాళ్ళు. బాడీ గారు వచ్చారా, బాడీ గారికి కాఫీ ఇచ్చారా అని మర్యాదగానే అడిగేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఒక్క డైలాగు కూడా పలికించలేదు. శవానికి మాటలెందుకు ఉంటాయి?

ఆ వేసవి మొదట్లో ఒక కుర్ర డైరెక్టర్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని కథ చెప్పాడు.

"ఒకాయన జీవితమంతా సినిమాల్లో శవంగా వేస్తాడు సార్. ఆఖరికి నిజంగానే పోతాడు. పైకి వెళ్తే అక్కడి గుమాస్తా చూసి, మళ్ళీ నువ్వేనా, పోయిన నెల కూడా వచ్చావుగా, పో పో అని గెంటేస్తాడు. కిందికొస్తే ఒంట్లోకి దూరడానికి లేదు. ఇంక సినిమా అంతా, నేను నిజంగానే పోయాను మొర్రో అని పైవాళ్ళని నమ్మించడమే. నవ్వుకుంటూ చూడాలి, ఇంటికెళ్ళాక దిగులెయ్యాలి."

నాన్న ముందుకు జరిగాడు. "అయితే కళ్ళు తెరిచే ఉండాలా?"

"సినిమా మొత్తం తెరిచే ఉండాలి."

"మాటలున్నాయా?"

"మొదటి నుంచి చివరిదాకా మీవే సార్."

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు నిండుగా ఉండేది, ఇన్నాళ్ళూ మా ముగ్గురికే పనికొచ్చింది. "మరి ఆ మాటలు నా గొంతుతోనే ఉంచుతారా? వేషం నాకిచ్చి గొంతు ఇంకొకరిది పెడతారా? ముందే చెప్పెయ్యండి."

"మీ గొంతే సార్. మాటిస్తున్నాను."

"అదొక్కటే నా షరతు. మిగతాది మీ ఇష్టం" అన్నాడు నాన్న.

డైరెక్టర్ వెళ్ళాక అమ్మ తలుపు గడియ వేస్తూ, "ఇన్నేళ్ళు నోరు మూసుకుని నెట్టుకొచ్చారు. ఇప్పుడు తెరిస్తే ఏమొస్తుందో ఏమో" అంది. అంది గానీ, ఆ రోజు నుంచి వంటింట్లో గుమాస్తా వేషం ఆవిడదే. గరిటె పుచ్చుకుని "మళ్ళీ నువ్వేనా, పో పో" అనేది. ఆ మాట ఆవిడకి ఎంత బాగా నచ్చిందంటే, నాన్న రెండోసారి కాఫీ అడిగినా అదే సమాధానం వచ్చేది. నాన్న గుమ్మంలో చేతులు కట్టుకుని, "అయ్యా, ఈసారి నిజంగా పోయానండి" అనేవాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నాలు మాత్రం పాత సాధన మానలేదు. వరండాలో పడక కుర్చీలో వాలి, ఊపిరి కనిపించకుండా కళ్ళు మూసుకునేవాడు. "అలవాటు తప్పితే పట్టు పోతుంది, రేపు మళ్ళీ పడుకునే వేషాలేగా" అనేవాడు. అమ్మ పక్క గదిలో కునుకు తీస్తుంటే, ఆవిడ లేస్తుందని చప్పుడు చేయకుండా ఉత్త పెదాలు కదిపి నన్నేదో అడిగేవాడు. నేను కళ్ళజోడు అనుకుని మంచినీళ్ళు తెచ్చేదాన్ని. "మీ బాబాయైతే ఒక్కసారికే పట్టేసేవాడు" అని నవ్వేవాడు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరిదీ ఒకే మంచం. తాతయ్యకి రాత్రి గుసగుస వినిపిస్తే వీపు చిట్లేదట. అందుకని కిటికీలోంచి పడే వీధి దీపం వెలుగులో ఒకళ్ళ పెదాలు ఒకళ్ళు చూసుకుంటూ చప్పుడు లేకుండా మాట్లాడుకునేవాళ్ళట. ఆ బాబాయి మా గడప తొక్కి అప్పటికి చాలా ఏళ్ళయింది. నాన్న ఆ సంగతి ఎత్తేవాడు కాదు.

షూటింగు ఒక మూతపడిన మిల్లులో జరిగింది. పైలోకం అంటే ఇంకేం లేదు, గోడలకి తెల్ల గుడ్డలు, పాత బల్లలు, వరసలో నిలబడ్డ జనం. ఆఖరి షాట్ రోజున నేనూ వెళ్ళాను. గుమాస్తా చివరికి నమ్మి తలుపు తెరుస్తాడు. ఇంత తంటాలు పడ్డవాడు తీరా తలుపు తెరిచాక వెనక్కి తిరిగి, "ఇక్కడే ఉంటాను. ఎక్కడికీ కదలను" అంటాడు. కదలకుండా ఉండడమేగా ఆయనకి వచ్చిన విద్య. పొగ వచ్చి కప్పేస్తుంది, కింద ఇంట్లోవాళ్ళ ఏడుపు వినిపిస్తుంది, సినిమా అయిపోతుంది. ఆ ఏడుపు నేను చెప్పాలని ముందే అనుకున్నారు.

పొగని నెట్టడానికి మనిషెత్తు ఫ్యాను పెట్టారు. అది తిరుగుతుంటే పక్కవాడు అరిచినా వినబడదు. ఇలాంటి షాట్లలో ఎలాగూ మాటలు తర్వాత డబ్బింగులోనే చెప్పాలి కాబట్టి, డైలాగు మరిచిపోయినవాళ్ళు ఆగరు, నోరు ఆడించేస్తారు. ఒకాయన ఎక్కాలు చదువుతాడు, ఇంకొకాయన నిర్మాతని తిట్టుకుంటాడు. పెదాలు ఆడితే చాలు, తర్వాత ఏదో ఒకటి అతికించుకోవచ్చు. నాన్న కూడా తలుపు దగ్గర వెనక్కి తిరిగి, మరిచాడో, మరిచినట్టు చేశాడో, ఏదో అన్నాడు. అది రాసిన డైలాగు కాదని ఏళ్ళ తరబడి పెదాలు చూసిన నాకు అక్కడి నుంచే తెలిసింది. డైరెక్టర్ మాత్రం మానిటర్‌లో ఆ మొహం చూసి పొంగిపోయి ఓకే చెప్పేశాడు.

"ఏమన్నావు నాన్నా అక్కడ?" అని కారెక్కుతూ అడిగాను.

"ఏదో అన్నాలే. డబ్బింగులో చెప్పేది నేనేగా, అప్పుడు చూసుకుందాం."

డబ్బింగు ఇంకో వారం ఉందనగా ఆయన పోయాడు.

మధ్యాహ్నం పడక కుర్చీలో పోయాడు. అమ్మ లేచి కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ఆయన సాధన చేస్తున్నాడనుకుని తన పనిలో పడింది. మళ్ళీ వచ్చి చూస్తే కాఫీ అలాగే ఉంది. "చల్లారిపోతోంది, ఇక చాలు లెండి" అంది. లోపలికి వెళ్ళి బట్టలు మడతపెట్టింది. మూడోసారి వచ్చి, "మెచ్చుకున్నాంలే, లేవండి" అని భుజం తట్టింది. నేను పని నుంచి వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని ఆయన కాలు పట్టుకుని ఉంది. "నేను తిట్టానే" అంది నాతో. "చూడు, పోయిన మనిషిని పట్టుకుని తిట్టాను."

యూనిట్ మొత్తం వచ్చింది. లైట్ బాయ్ ఒకడు నాన్నని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఎవరైనా కట్ చెప్తే లేస్తాడని చూస్తున్నట్టుంది. తర్వాత మొహం కప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. లోపల ఏదో అడ్డం పడింది, అంతే. ఊళ్ళో అందరి చావులకీ ఏడ్చిన పిల్ల సొంత తండ్రికి ఏడవడం లేదేమిటని ఎవరో అంటుంటే విన్నాను. బాబాయి వీధి చివర దీపస్తంభం దగ్గర నిలబడి చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

కొన్నాళ్ళకి డైరెక్టర్ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అమ్మా, మాట తప్పాల్సి వస్తోంది. గొంతు లేకుండా సినిమా బయటికి రాదు. ఒక మిమిక్రీ ఆయనతో కొంచెం చెప్పించాను. ఒకసారి వినండి" అని ఫోనులో పెట్టాడు.

అమ్మ రెండు మాటలు విని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గొంతు నాన్నది లాగే ఉంది, మనిషే లేడు. ముసలివాళ్ళని వెక్కిరించి చప్పట్లు కొట్టించుకునేవాడి తీరు అది. ఒక్క వేషంలో నోరు తెరిచాడు మా నాన్న. అడిగిన షరతు కూడా ఒక్కటే. అదీ దక్కకుండా పోతోంది. ఆ రికార్డింగు నా ఫోనులోకి పంపించుకుని, "రెండు రోజులు ఆగండి" అన్నాను.

ఆ గొంతు ఇంకొకరికి ఉంది. బాబాయి బస్టాండులో అనౌన్సరు. ఊరికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా స్పీకర్లలోంచి మా నాన్నే బస్సుల గురించి చెప్తున్నట్టుండేది. ఆయన గది ప్లాట్‌ఫారాలకి పైన, అద్దాల గది. బల్ల మీద మైకు, దాని పక్కన ఒక స్విచ్చి. నన్ను చూసి కుర్చీ జరిపాడు. ఎందుకొచ్చావని అడగలేదు. నేను చెప్పింది మొత్తం విన్నాడు.

"మీ నానమ్మ పోయిన రోజు మీ నాన్న ఎక్కడున్నాడో తెలుసా?" అన్నాడు.

"షూటింగులో ఉన్నాడు."

"షూటింగులో అని పద్ధతిగా చెప్తున్నావు. శవంగా పడుకున్నాడు. కబురు పంపితే, షాట్ మధ్యలో లేస్తే అందరి ఏడుపూ పాడైపోతుందని సాయంత్రం దాకా పడుకున్నాడు." స్విచ్చి నొక్కి మైకు దగ్గరికి వంగాడు. "దయచేసి గమనించండి. మూడో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది." స్విచ్చి తీసేశాడు. "అమ్మ ఆఖరిదాకా పెద్దోడేడిరా అంది. వస్తున్నాడమ్మా, దారిలో ఉన్నాడమ్మా అని నేను చెప్తూనే ఉన్నాను. ఎవరి ఏడుపుకో శవమయ్యాడు గానీ, అమ్మ కోసం ఏడవడానికి రాలేదు. అలాంటివాడికి నా గొంతు ఎందుకియ్యాలి?"

నాన్నది తప్పే. "ఇవ్వొద్దులే బాబాయ్. ఈ మిమిక్రీ ఆయన చెప్తాడట. ఎలా ఉందో చెప్పు చాలు" అని ఫోను బల్ల మీద పెట్టాను.

ఈలోగా ఇంకో బస్సుకి వేళైంది. ఆయన స్విచ్చి నొక్కి రెండు ముక్కలు చెప్పి, ఫోను వైపు చెవి పెట్టాడు. మిమిక్రీ ఆయన దగ్గి, సాగదీసి, "అయ్యా, ఈసారి నిజంగా పోయానండీ" అన్నాడు. బాబాయి మొహం ఎర్రబడింది.

"ఎవడు వీడు? మా అన్నయ్య ఇలాగా మాట్లాడేది?"

"ఎలా మాట్లాడేవాడు?"

"వాడు దీర్ఘాలు తీస్తాడా ఎప్పుడైనా? అసలు మాట ముందు కొంచెం ఆగుతాడు, చెప్పాలా వద్దా అన్నట్టు." బాబాయి అలవాటుగా మైకు మీదికి వంగి కళ్ళు మూసుకున్నాడు. "అయ్యా, ఈసారి నిజంగా... పోయానండి."

ఇందాక నొక్కిన స్విచ్చి తీయనే లేదు. ఆ మాట బస్టాండు మొత్తం మోగింది. అద్దంలోంచి కిందికి చూస్తే, సంచులు మోసుకెళ్తున్నవాళ్ళు, టిఫిను తింటున్నవాళ్ళు, అందరూ తలెత్తి స్పీకర్ల వైపు చూస్తున్నారు. ఒక డ్రైవరు బస్సు దిగి మరీ చూస్తున్నాడు. బాబాయి గబుక్కున స్విచ్చి తీసి, ఆ చెయ్యి అక్కడే ఉంచి కూర్చుండిపోయాడు. తన గొంతులో ఎవరున్నారో ఆయనకీ అప్పుడే వినిపించినట్టుంది.

నా వైపు తిరిగి, "ఎప్పుడు రావాలి?" అన్నాడు.

డబ్బింగుకి రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. మొదటి రోజు ప్రతి డైలాగూ బస్సు బయలుదేరుతున్నట్టే చెప్పాడు. "సార్, ప్రయాణికులు లేరు, మెల్లగా చెప్పండి" అని ఇంజనీరు బతిమాలాడు. తర్వాత దారిలో పడ్డాడు. తెర మీద అన్నయ్య గుమాస్తా చేత తిట్లు తింటుంటే మైకు గదిలో ఒక్కడే నిలబడి నవ్వేవాడు, ఆ నవ్వు వల్ల టేకులు పోయేవి. అన్నయ్య నటించగా ఆయన చూడటం అదే మొదలు.

ఆఖరి షాట్ వచ్చింది. కాగితం చూసి, "ఇక్కడే ఉంటాను. ఎక్కడికీ కదలను" అన్నాడు. కుదరలేదు. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ కుదరలేదు. ఈ పనిలో కొత్తవాళ్ళకి ముందు నేర్పే పాఠం ఏమిటంటే, మిగతా అక్షరాలు అటూఇటూ అయినా ఫర్వాలేదు గానీ పెదాలు మూతపడే చోట ప, బ, మ ఏదో ఒకటి పడాలి. రాసిన డైలాగులో పెదాలు మూసే అక్షరమే లేదు. తెర మీద నాన్న పెదాలు రెండుసార్లు మూతపడుతున్నాయి.

"ఫ్యాను షాట్ అది. ఆయన డైలాగు మరిచిపోయి ఏదో ఆడించారు" అని నేను అద్దానికి ఇవతల, ఇంజనీరు కూర్చునే కన్సోల్ గదిలోంచి చెప్పాను. "మాటలు మార్చి అతికిద్దాంలే బాబాయ్."

బాబాయి హెడ్‌ఫోన్లు తీసేశాడు. "చప్పుడు లేకుండా వెయ్యండి."

ఇంజనీరు వేశాడు. పొగలో నాన్న వెనక్కి తిరిగాడు, పెదాలు కదిలాయి. బాబాయి తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ వేశారు. మూడోసారి అడగలేదు. వెనక్కి వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

"చెప్తాను, వెయ్యండి."

నాన్న వెనక్కి తిరిగాడు. బాబాయి గొంతు ఆయన పెదాల మీద అక్షరం తేడా రాకుండా కూర్చుంది.

"అమ్మ దగ్గరికి ఈసారి నేనే ముందు. నువ్వు నిదానంగా రా."

ఇంజనీరు అలవాటు కొద్దీ, "సింక్ బాగుంది సార్" అన్నాడు. డైరెక్టర్ తన కాగితం మీద పాత డైలాగు కొట్టేశాడు. బాబాయి మైకు గదిలోంచి, "తర్వాతది వెయ్యండి" అన్నాడు.

"ఇంక లేదు బాబాయ్. అదే ఆఖరిది" అన్నాను.

"అవునా" అని ఆయన అక్కడే నిలబడ్డాడు.

మిగిలింది నా ఏడుపు. మైకు ముందుకి వెళ్ళి తెర మీద నాన్నని చూశాను. అన్నాళ్ళూ అడ్డం పడ్డది అప్పుడు కదిలింది. ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. బాబాయి వచ్చి పట్టుకుంటే గానీ ఆగలేదు. ఇంజనీరు పాపం చాలాసేపు మొహమాటపడి చెప్పాడు. "ఇది పనికిరాదమ్మా. ముక్కు ఎక్కువైంది, మాట మీద పడిపోతోంది. అసలు నీ ఏడుపులా లేదు." చివరికి నేను ఎప్పుడో ఇంకెవరి చావుకో చెప్పిన పాత ఏడుపు తీసి అక్కడ అతికించారు. అది చాలా బాగా కుదిరింది.

వేసవి పోయి మొదటి వానలు పడుతుండగా సినిమా విడుదలైంది. ముగ్గురం కలిసి మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. బాబాయి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, మమ్మల్ని ఆటోలో తీసుకెళ్ళాడు. హాలు సగమే నిండింది గానీ నవ్వులు నిండుగా పడ్డాయి. గుమాస్తా "మళ్ళీ నువ్వేనా, పో పో" అన్నప్పుడల్లా అమ్మ పెదాలు కూడా కదిలాయి. ఆఖరున నాన్న వెనక్కి తిరిగి, "అమ్మ దగ్గరికి ఈసారి నేనే ముందు. నువ్వు నిదానంగా రా" అంటే హాలంతా ఘొల్లుమని నవ్వింది. ఆ మాట గుమాస్తాతో అన్నాడనుకున్నారు అందరూ. నాకు కోపం రాలేదు. చచ్చి నవ్వించడానికే ఆ సినిమా ఒప్పుకున్నాడు ఆయన.

లైట్లు వెలిగాయి. జనం గొడుగులు వెతుక్కుంటూ లేచారు. నేనూ అమ్మా లేచాం. బాబాయి మాత్రం కుర్చీలో వాలి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎంత కదలకుండా ఉన్నాడంటే, రెప్పల కింద కంటిపాప కూడా కదలడం లేదు. అమ్మ మొహం తెల్లబోయింది. ఆ రోజులా తిట్టలేదు, భుజం తట్టలేదు. ఆయన మీదికి వంగి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టింది.

"ఉన్నాను వదినా" అన్నాడు బాబాయి కళ్ళు తెరవకుండానే. "వాడు నన్ను నిదానంగా రమ్మన్నాడుగా. కాసేపు కూర్చోనివ్వండి."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, పక్క కుర్చీలో కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను.